గుర్రపు స్వారీ: ఒకరు జీను మీద.. ఇంకొకరు కంచె బయట! స్వారీ రాని పార్ట్‌నర్ తెలుసుకోవాల్సిన విషయాలు ఇవే..

తెలుగు రాష్ట్రాల్లో చాలామంది గుర్రాన్ని దగ్గరగా చూసింది రెండే చోట్ల. ఒకటి పెళ్లి బరాత్‌లో.. రెండోది విశాఖ ఆర్కే బీచ్‌లో. కానీ ఇప్పుడు సీన్ కొంచెం మారింది. హైదరాబాద్ శివార్లలో అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు ఆదివారం పొద్దున్నే వెళ్తే.. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పిల్లల తల్లులు, రిటైరైనవాళ్లు కూడా హెల్మెట్ పెట్టుకుని స్వారీ నేర్చుకుంటూ కనిపిస్తారు.

వాళ్లతో పాటు ఇంకొకరు కూడా కనిపిస్తారు. కంచె పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, చేతిలో టీ కప్పుతో, ఫోన్ స్క్రోల్ చేసుకుంటూ.. భర్తో, భార్యో. గుర్రం ఎక్కింది తోడువాళ్లు. వీళ్లకి స్వారీ రాదు. రావాలని కూడా లేదు. మరి అక్కడ వీళ్లు చేసేదేంటి?

చేసేది చాలానే ఉంది. ఇది ఒంటరిగా సాగే ఆట కాదు. ఒక్క ఉదాహరణ చూద్దాం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్ డ్రెసాజ్‌లో రజతం గెలిచారు. పోలియో వల్ల మోకాళ్ల కింద కాళ్లు పనిచేయని మనిషి ఆమె. గుర్రం ఎక్కాలన్నా, దిగాలన్నా పక్కన ఇంకొకరు ఉండాల్సిందే. మెడల్ స్టాండ్ ఎక్కడానికి ఆమెకు చేయి అందించింది స్వర్ణం గెలిచిన స్వీడన్ రైడర్ హెన్రీ సెయింట్ సిర్. అక్కడిదాకా ఆమెను గుర్రం ఎక్కించిన చేతుల పేర్లు మాత్రం మెడల్స్ లిస్టులో ఉండవు.

ముందు ఈ జంతువేంటో తెలియాలి

మామూలు స్వారీ గుర్రం బరువు 400 నుంచి 500 కిలోలు ఉంటుంది. అయినా దాని బుర్ర నిండా ఉండేది ఒకటే ఆలోచన.. ఎవరైనా వచ్చి తినేస్తారేమో అని! వేల ఏళ్లుగా వేటాడే జంతువుల నుంచి పారిపోయి బతికిన జాతి ఇది. అందుకే భయమేస్తే దాని మొదటి రియాక్షన్ పరుగు. పరుగుకి దారి లేకపోతే తన్నుడు. ఇందులో కోపం గానీ, పగ గానీ ఏమీ లేవు.

గుర్రం కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ కనిపిస్తుంది. కనపడని చోట్లు రెండే.. సరిగ్గా నుదుటి ముందు కొంచెం మేర, తోక వెనకాల. స్వారీ రానివాళ్లు ఎక్కువగా నిలబడేది కూడా ఆ రెండు చోట్లే! ముద్దుగా ఉంది కదా అని మొహానికి ఎదురుగా చేయి చాపుతారు. లేదంటే షార్ట్‌కట్‌గా వెనక నుంచి దాటుతారు.

దగ్గరికి వెళ్లాలంటే పక్క నుంచి, భుజం వైపుగా వెళ్లాలి. అదీ ఎడమ పక్కైతే మంచిది, ఎందుకంటే గుర్రాలకి అటు నుంచి మనుషులు రావడం అలవాటు చేస్తారు. ఒకప్పుడు సైనికులకి ఎడమ నడుముకి కత్తి వేలాడేది కాబట్టి అటు నుంచే ఎక్కేవాళ్లని, ఆ అలవాటే మిగిలిందని చెబుతారు. వెళ్లేటప్పుడు మాట్లాడుతూ వెళ్లాలి. ఏం మాట్లాడినా పర్లేదు, గొంతు మామూలుగా ఉంటే చాలు. ముందు మెడ మీదో, భుజం మీదో చేయి వేయాలి. మొహం తర్వాత.

వెనక నుంచి వెళ్లక తప్పకపోతే రెండే పద్ధతులు. ఒకటి.. కాళ్లు అందనంత దూరంగా, కనీసం 3, 4 మీటర్లు వదిలి తిరిగి వెళ్లడం. రెండోది.. పిరుదు మీద చేయి ఆనించి, ఒంటికి ఒళ్లు రాసుకునేంత దగ్గరగా వెళ్లడం. అంత దగ్గరలో తన్నుకి ఊపు రాదు. మధ్య దూరమే ప్రమాదం. కొత్తవాళ్లకి మాత్రం మొదటి పద్ధతే కరెక్ట్. రెండోది సాయిస్‌లకి వదిలేయడం బెటర్. సాయిస్ అంటే గుర్రాల బాగోగులు చూసే మనిషి. శాలలో గుర్రాల గురించి ఎవరినైనా ఒక్కరినే అడగాలంటే ఆయన్నే అడగాలి. ఆయన పేరు తెలుసుకుని, వెళ్లగానే పలకరించే పార్ట్‌నర్‌కి సగం పని అయిపోయినట్టే.

చెవులు చూస్తే మూడ్ తెలిసిపోతుంది. రెండూ ముందుకి నిక్కి ఉంటే దేన్నో ఆసక్తిగా చూస్తోందని. ఒకటి వెనక్కి తిరిగి ఉంటే పైన కూర్చున్న మనిషి మాట వింటోందని. రెండూ మెడకి అతుక్కుపోయేలా వెనక్కి పడుకోబెడితే కోపం. అప్పుడు దూరం జరగడమే. సగం మూసిన కళ్లు, వేలాడే కింది పెదవి, ఒక వెనక కాలు కొస మీద నిలబెట్టి ఉంటే.. అది కునుకు తీస్తోంది. అలాంటప్పుడు హఠాత్తుగా ముట్టుకోకూడదు.

ఇంకో ముఖ్యమైన మాట. పట్టుకోమని తాడు చేతికిస్తే, దాన్ని చేతికి చుట్టుకోకూడదు. మణికట్టుకి అస్సలు చుట్టుకోకూడదు. గుర్రం ఒక్క ఉదుటున వెనక్కి లాగితే వేళ్లు పోతాయి, మనిషిని కూడా ఈడ్చుకుపోతుంది. మిగిలిన తాడుని మడతలు పెట్టి, ఆ మడతల్ని గుప్పిట్లో పట్టుకోవాలి. వదలాల్సి వస్తే వదిలేసేలా ఉండాలి. గుర్రం పక్కన నేల మీద కూర్చోవడం, మోకాళ్లు ఆనించడం కూడా వద్దు. ఏదైనా కింద పడితే గొంతుకు కూర్చుని తీసుకుని లేచేయాలి.

క్యారెట్ తెచ్చాం, పెట్టొచ్చా?

అడగకుండా పెట్టొద్దు. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్లింది ఏదైనా ముందుకు పోవాల్సిందే. కడుపు కూడా ఆ ఒంటికి చిన్నదే, 8 నుంచి 15 లీటర్ల వరకే పడుతుంది. మేత హఠాత్తుగా మారినా, పడనిది తిన్నా కోలిక్ అనే కడుపునొప్పి వస్తుంది. మనిషికి వచ్చే కడుపునొప్పి లాంటిది కాదు ఇది, ప్రాణాలు తీస్తుంది. ముందు కాలితో నేలని గీకడం, మాటిమాటికీ తన పొట్ట వైపే చూసుకోవడం, దొర్లడం, దాణా ముట్టకపోవడం దీని లక్షణాలు. కంచె బయట ఊరికే కూర్చున్న మనిషికే ఇవి ముందు కనిపించే ఛాన్స్ ఉంది. కనిపిస్తే వెంటనే సాయిస్‌కి చెప్పాలి. 'మనకెందుకులే' అనుకోకూడదు.

పర్మిషన్ ఇస్తే క్యారెట్‌ని గుండ్రటి బిళ్లల్లా కాకుండా నిలువుగా, పొడుగ్గా కోసి పెట్టాలి. బిళ్లలు గొంతులో అడ్డం పడొచ్చు. అరచేతిని పూర్తిగా చాపి, బొటనవేలు పక్కకి దగ్గరగా ఆనించి దాని మీద పెట్టాలి. ముని వేళ్లతో అందిస్తే వేళ్లకి, క్యారెట్‌కి గుర్రానికి తేడా తెలియదు. బెల్లం ముక్క మన శాలల్లో అలవాటే కానీ కొన్ని గుర్రాలకి తీపి పడదు. ఉల్లిపాయ, చాక్లెట్, బ్రెడ్ వద్దు. ఇంట్లో ఉలవలు ఉన్నాయని సంచిలో తీసుకెళ్లే ఉత్సాహవంతులు కూడా ఉంటారు. ఉలవలు గుర్రాల దాణా అన్నది నిజమే. ఏ గుర్రానికి ఎంత, ఎప్పుడు అన్నది మాత్రం శాలవాళ్ల లెక్క.

ఎక్కే ముందు రెండు నిమిషాల పని

జీనుని పొట్ట కింద నుంచి బిగించే పట్టీని తంగు అంటారు. బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. కాసేపు నడిచాక గాలి వదలగానే పట్టీ వదులవుతుంది. వదులైన తంగుతో ఎక్కితే జీను పక్కకి తిరిగి, మనిషి కింద పడతాడు. ఈ రకం ప్రమాదం ఒక్క ప్రశ్నతో ఆగిపోతుంది. 'తంగు చూసుకున్నావా?' అని ఎక్కే ముందు ఒకసారి, ఐదు నిమిషాల నడక తర్వాత ఇంకోసారి గుర్తు చేస్తే చాలు. స్వారీ రాని మనిషి నోట వచ్చినా ఎవరూ విసుక్కోని మాట ఇదొక్కటే అనుకోవచ్చు.

ఎక్కేటప్పుడు ఎత్తు పీట వాడితే గుర్రం వెన్ను మీద ఒత్తిడి తగ్గుతుంది. ఎడమ రికాబులో కాలు పెట్టి లేస్తుంటే జీను ఎడమకి జారబోతుంది కదా.. ఆ టైమ్‌లో కుడి పక్క రికాబు పట్టీని కిందకి గట్టిగా పట్టుకుంటే బ్యాలెన్స్ అవుతుంది. ఎలా పట్టుకోవాలో సాయిస్ దగ్గర ఒకసారి నేర్చుకుంటే, ఆ తర్వాత ప్రతి క్లాసుకీ ఈ పని పార్ట్‌నర్‌దే.

హెల్మెట్ విషయంలో మొహమాటం వద్దు. బైక్ హెల్మెట్ పనికిరాదు. బరువెక్కువ, మెడ మీద లోడ్, పక్కలకి సరిగ్గా కనపడదు, ఇన్‌స్ట్రక్టర్ మాట వినపడదు. సైకిల్ హెల్మెట్, క్రికెట్ హెల్మెట్ కూడా ఈ పని కోసం చేసినవి కావు. స్వారీ హెల్మెట్ లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1163, వీజీ1, పాస్ 015, ఈఎన్ 1384 లాంటి ముద్రల్లో ఏదో ఒకటి ఉండాలి. గడ్డం కింద పట్టీ బిగించాకే గుర్రం దగ్గరికి వెళ్లాలి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్, బయటికి గీత కూడా కనపడకపోయినా సరే, మార్చేయాలి. లోపలి ఫోమ్ ఒక్కసారి నలిగితే రెండోసారి కాపాడదు. దెబ్బ తగలకపోయినా సుమారు ఐదేళ్లకి మార్చమనే తయారీదారులు చెబుతారు. పుట్టినరోజుకి ఏం కొనాలో తెలియని భర్తలకి ఇంతకన్నా మంచి ఐడియా దొరకదు.. కాకపోతే సైజు కోసం తలని తీసుకెళ్లాల్సిందే, సర్‌ప్రైజ్ కుదరదు.

షూస్‌కి చిన్న మడమ ఉండాలి. అది లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారిపోతుంది. అలా ఇరుక్కున్న మనిషి కింద పడితే గుర్రం ఈడ్చుకుపోతుంది. లోతైన గాళ్లున్న ట్రెక్కింగ్ బూట్లు కూడా రికాబులో ఇరుక్కుంటాయి.

క్లాస్ నడుస్తున్నప్పుడు

నోరు మూసుకోవాలి. మొరటుగా ఉన్నా ఇదే రూల్. జీను మీద ఉన్న మనిషి ఒకేసారి వంద విషయాలు చూసుకుంటూ ఉంటారు.. మడమ కిందికి, చూపు ముందుకి, పగ్గాలు సమానంగా. ఆ టైమ్‌లో ఇన్‌స్ట్రక్టర్ ఒకటి చెప్పి, కంచె బయట నుంచి 'జాగ్రత్త జాగ్రత్త' అని ఇంకో గొంతు వస్తే రైడర్ ఒళ్లు బిగుసుకుపోతుంది. రైడర్ బిగుసుకుంటే ఆ సంగతి జీను కింద ఉన్న గుర్రానికి క్షణంలో తెలిసిపోతుంది. అంటే కంచె బయట భయం నేరుగా గుర్రానికి చేరినట్టే.

గొడుగు ఠక్కున తెరవడం, ప్లాస్టిక్ కవర్ గలగలలాడించడం, పిల్లల్ని కంచె పక్కన పరుగెత్తనివ్వడం, కారు హారన్.. ఇవన్నీ వద్దు. ఇంటి కుక్కని కారులోనూ తేవద్దు.

అయితే చూడటానికి, వినడానికి బోలెడు ఉంది. గుర్రం నడకల్ని చెవితోనే గుర్తుపట్టొచ్చు. మామూలు నడకలో నాలుగు గిట్టలూ విడివిడిగా పడతాయి.. త, క, ధి, మి అన్నట్టు. సాయిస్‌లు దీన్ని కదం అంటారు. దుల్కీలో, అంటే ట్రాట్‌లో, ముందు ఎడమ కాలు వెనక కుడి కాలుతో జంటగా, ముందు కుడి వెనక ఎడమతో జంటగా కదులుతాయి. అందుకే వినిపించేది రెండే దెబ్బలు.. త, క. క్యాంటర్‌లో మూడు.. త, కి, ట, ఆ తర్వాత చిన్న గ్యాప్. మన సంగీతం క్లాసులో చిన్నప్పుడు కూర్చున్నవాళ్లకి ఇది భలే తేలిక.

దుల్కీలో రైడర్ జీను మీద లేస్తూ కూర్చుంటూ ఉంటారు. గుండ్రంగా తిరిగేటప్పుడు గుర్రం బయటి వైపు భుజం ముందుకి వెళ్లినప్పుడు రైడర్ లేవాలి, అది వెనక్కి వచ్చినప్పుడు కూర్చోవాలి. తప్పు అడుగులో లేస్తే దాన్నే 'రాంగ్ డయాగొనల్' అంటారు. జీను మీద ఉన్నవాళ్లకి ఇది మొదట్లో అస్సలు తెలియదు. బయట నుంచి చూసేవాళ్లకి మాత్రం వారం రోజుల్లో పట్టుబడుతుంది. అలాగే పక్క నుంచి చూస్తే రైడర్ చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. కుర్చీలో కూర్చున్నట్టు పాదాలు ముందుకి పోతే గీత తప్పినట్టు.

తెలిసింది కదా అని అరిచి చెప్పకూడదు. వీడియోలో చూపించాలి, అదీ అడిగితేనే.

ఫోన్ తీసే పద్ధతి

నలభై నిమిషాల వీడియో ఎవరూ చూడరు. ఎడమ వైపు తిరిగేటప్పుడు ఒక నిమిషం, కుడి వైపు తిరిగేటప్పుడు ఒక నిమిషం, కొత్తగా నేర్చుకున్నది ఏదైనా ఉంటే దాని మీద ఇంకో నిమిషం. మూడు క్లిప్పులు చాలు. రీల్‌కి ఫోన్ నిలువుగా, నేర్చుకోవడానికి ఫోన్ అడ్డంగా. సూర్యుడు తీసేవాళ్ల వీపు వెనక ఉండాలి. ఫ్లాష్ ఆఫ్‌లో ఉండాలి. డ్రోన్ ఊసే వద్దు.

ఎక్కడ నిలబడాలన్నది గ్రౌండ్ చుట్టూ ఉన్న అక్షరాలే చెబుతాయి. డ్రెసాజ్ గ్రౌండ్ 20 మీటర్ల వెడల్పు, 40 లేదా 60 మీటర్ల పొడవు ఉంటుంది. చిన్న గ్రౌండ్‌లో వరసగా ఏ, కే, ఈ, హెచ్, సీ, ఎమ్, బీ, ఎఫ్ అని ఉంటాయి. ఈ వరస ఎందుకిలా అని అడగొద్దు, గుర్రాల లోకంలో కూడా దీనికి ఒప్పుకున్న సమాధానం లేదు. ఏ అంటే లోపలికి వచ్చే దారి, సీ అంటే దానికి ఎదురు. బీ, ఈ రెండూ పొడవు గోడలకి సరిగ్గా మధ్యలో ఉంటాయి. కంచె బయట బీ దగ్గర నిలబడితే రైడర్ కూర్చునే తీరు పక్క నుంచి పర్ఫెక్ట్‌గా దొరుకుతుంది. సీ దగ్గర నిలబడితే గుర్రం తిన్నగా వస్తోందా, రైడర్ ఒక పక్కకి ఒరుగుతున్నారా అన్నది తెలుస్తుంది.

పోస్ట్ చేసే ముందు అడగాలి. రైడర్ జారిపోయిన క్లిప్ ఫ్యామిలీ గ్రూప్‌లో పడితే, మర్నాడు పొద్దున్నే అత్తగారి ఫోన్ గ్యారంటీ.

పడిపోతే.. మొదటి పది నిమిషాలు

ఎంత జాగ్రత్తగా ఉన్నా, స్వారీ నేర్చుకునేవాళ్లు ఎప్పుడో ఒకసారి పడతారు. కంచె బయట మనిషి ఉన్నందుకు అసలు ఉపయోగం ఆ రోజే.

గ్రౌండ్‌లోకి పరుగెత్తకూడదు, అరవకూడదు. పైన మనిషి లేని గుర్రం అప్పటికే బెదిరి ఉంటుంది. పరుగెత్తే మనిషిని చూస్తే ఇంకా బెదురుతుంది, కింద పడ్డ మనిషి మీదుగానే పోవచ్చు. ఇన్‌స్ట్రక్టర్ మిగతా రైడర్లని ఆపుతారు. సాయిస్ గుర్రాన్ని పట్టుకుంటాడు. గేటు మూసి ఉందా లేదా చూడటం పార్ట్‌నర్ పని. తెరిచి ఉంటే మూసేయాలి, ఎందుకంటే బయట రోడ్డు ఉంటుంది.

ఇన్‌స్ట్రక్టర్ రమ్మన్నాక, నడుచుకుంటూ వెళ్లాలి. పడ్డ మనిషిని చేయి పట్టి లేపకూడదు. మనలో అందరికీ ఉన్న అలవాటు ఇది.. పడగానే లేపి కూర్చోబెట్టి, నీళ్లు తాగించడం. మెడకో వెన్నుకో దెబ్బ తగిలి ఉంటే ఆ లేపడమే కాళ్లు చేతులు పడిపోయేలా చేయొచ్చు. కదలొద్దని చెప్పి, పక్కన కూర్చుని, పేరు పెట్టి మాట్లాడాలి. ఊపిరి ఆడుతోందా, ఎక్కడ నొప్పి, వేళ్లు కదులుతున్నాయా, తిమ్మిరి ఉందా అని అడగాలి. ఊపిరికి అడ్డం అయితే తప్ప హెల్మెట్ తీయకూడదు. మెడ నొప్పి, తిమ్మిరి, స్పృహ తప్పడం, ఊపిరి ఇబ్బంది.. వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయాలి. శివార్లలో శాలల అడ్రస్ చెప్పడం కష్టం. అందుకే ఆ చోటు లొకేషన్, దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి పేరు ముందే ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోవాలి. బ్లడ్ గ్రూప్, వాడే మందులు, అలర్జీలు కూడా.

లేచి నడిచేసి 'నాకేం కాలేదు' అన్నవాళ్ల విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. తలకి దెబ్బ తగిలితే స్పృహ తప్పాలనేం లేదు. అడిగిందే మళ్లీ అడగడం, పొద్దున్న ఏం జరిగిందో గుర్తులేకపోవడం, తల తిరగడం, వెలుతురు చూడలేకపోవడం కంకషన్ లక్షణాలు. తలనొప్పి పెరుగుతూ పోతున్నా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, మత్తుగా నిద్రలోకి జారిపోతున్నా, ఒక కంటిపాప రెండోదాని కన్నా పెద్దగా కనిపిస్తున్నా ఇక ఇంట్లో చూస్తూ కూర్చోకూడదు, ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి. మొదటి 24 నుంచి 48 గంటలు ఇంట్లో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ రోజు బండి గానీ, కారు గానీ నడపనివ్వకూడదు. డాక్టర్‌ని అడగకుండా నొప్పి మాత్రలు వేయకూడదు.

గుర్రం పొట్టలో తన్నినా, మీద పడినా లోపలి గాయం గంటల తర్వాత బయటపడొచ్చు. పొట్ట నొప్పి, చెమటలు, కళ్లు తిరగడం ఉంటే ఆలస్యం చేయొద్దు.

'పడ్డ వెంటనే మళ్లీ ఎక్కితేనే భయం పోతుంది' అని శాలల్లో ఒక మాట ఉంది. తలకి దెబ్బ అనుమానం ఉన్న రోజు ఈ మాట పూర్తిగా తప్పు. కంకషన్ అనుమానం ఉంటే అదే రోజు ఎక్కడం ఉండదు, మళ్లీ ఎప్పుడన్నది డాక్టర్ చెప్పాలి. పడ్డ మనిషి సరిగ్గా ఆలోచించే స్థితిలో ఉండకపోవచ్చు, పక్కన నలుగురూ 'ఏం కాదు ఎక్కేయ్' అంటుండొచ్చు. అక్కడ గట్టిగా 'వద్దు' అనాల్సింది పార్ట్‌నరే. మిగతా రోజుల్లో ఎంత మౌనంగా ఉన్నా, ఈ ఒక్క రోజు మాట్లాడే హక్కు వాళ్లకి ఉంది.

ఇంకొకటి, అందరూ మర్చిపోయేది. గుర్రపుశాలల మట్టిలో, పేడలో ధనుర్వాతం కలిగించే బ్యాక్టీరియా ఉంటుంది. టీటీ ఇంజెక్షన్ పదేళ్లకోసారి వేయించుకోవాలి. మట్టి చేరిన గాయమైతే, చివరి డోస్ వేయించుకుని ఐదేళ్లు దాటి ఉంటే డాక్టర్లు మళ్లీ వేస్తారు. ఇది రైడర్‌కే కాదు, తోడుగా వెళ్లేవాళ్లకీ వర్తిస్తుంది. గుర్రాల నుంచి మనుషులకి వచ్చే గ్లాండర్స్ అనే జబ్బు కూడా ఉంది. గుర్రాల రక్తాన్ని హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం లాంటి చోట్ల పరీక్షిస్తారు. ముక్కు కారుతున్న, ఒంటి మీద పుళ్లున్న గుర్రాన్ని ముట్టుకోకుండా ఉండటం, శాల నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మన చేతిలో ఉన్నవి.

ఇన్సూరెన్స్ ఒకసారి తీసి చదవాలి. ఆరోగ్య బీమా పాలసీల్లో ఐఆర్‌డీఏఐ పెట్టిన స్టాండర్డ్ మినహాయింపుల్లో సాహస క్రీడలు ఉన్నాయి. అందులో గుర్రపు పందేల పేరు కూడా ఉంది. కాకపోతే అది ప్రొఫెషనల్‌గా పాల్గొనేవాళ్ల చికిత్స ఖర్చుకి సంబంధించింది. సరదాగా నేర్చుకునేవాళ్ల సంగతి వేరు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల షరతులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి, ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మంచిది.

ఇంటికొచ్చాక

మొదటి క్లాస్ తర్వాత రెండో రోజు మెట్లు దిగడం ఒక పెద్ద ప్రాజెక్ట్. తొడల లోపలి కండరాలు, నడుము పట్టేస్తాయి. ఈ నొప్పి 24 గంటల తర్వాత మొదలై 72 గంటల దాకా ఉండొచ్చు. వేడి నీళ్ల స్నానం, తేలికపాటి నడక పనిచేస్తాయి. 'నేను ముందే చెప్పానుగా' అన్న మాట పనిచేయదు.

కారులో ఒక పాత దుప్పటి, బూట్లకి వేరే సంచి ఉంటే వాసన గొడవ తగ్గుతుంది. గుర్రం వెంట్రుకలతో తుమ్ములు, కళ్ల దురద వచ్చేవాళ్లు ఉంటారు. అలాంటి పార్ట్‌నర్ శాలలోకి వెళ్లకుండా కంచె దగ్గరే ఆగిపోవచ్చు, రైడర్ ఇంటికి రాగానే బట్టలు మార్చుకుంటే సరిపోతుంది.

అసలు కష్టం టైమ్ దగ్గర వస్తుంది. మన ఎండలకి స్వారీ అంటే పొద్దున్న ఆరింటికే. అంటే ఐదింటికి ఇల్లు వదలాలి. భర్త స్వారీకి వెళ్తే ఇంట్లో పెద్దగా ప్రశ్నలు రావు. భార్య వెళ్తే మాత్రం.. టిఫిన్ ఎవరు చేస్తారు, పిల్లల్ని ఎవరు లేపుతారు, ఈ వయసులో గుర్రాలేంటి, పడితే ఎవరికి చెప్పుకోవాలి అని వరసగా మొదలవుతాయి. ఆ ప్రశ్నలకి భార్యే జవాబు చెప్పుకోవాల్సి వస్తే ఆ స్వారీ మూడు నెలలు నడవడం కష్టం. 'ఆదివారం టిఫిన్ నేను చూసుకుంటానమ్మా, తనని వెళ్లనీ' అని భర్త తన తల్లికి చెప్పగలిగితే, తాడు పట్టుకోవడం రాకపోయినా పర్లేదు. ప్రతి క్లాసుకీ కంచె దగ్గర కాపలా ఉండటమే సపోర్ట్ అని కూడా లేదు. కొంతమంది రైడర్లకి ఎవరూ చూడని ఆ గంటే కావాలి. అడిగి తెలుసుకోవాలి.

ఆడవాళ్ల ఆట కాదు అనేవాళ్లకి ఒక సమాచారం. ఒలింపిక్స్ ఈక్వెస్ట్రియన్‌లో మగ, ఆడ విడివిడిగా పోటీ పడరు, అందరికీ ఒకటే పోటీ. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో డ్రెసాజ్ టీమ్ స్వర్ణం తెచ్చిన నలుగురు భారతీయుల్లో ఇద్దరు మహిళలు.. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్. మిగతా ఇద్దరు అనూష్ అగర్వాల్లా, హృదయ్ ఛేడా. ఈక్వెస్ట్రియన్‌లో 1982 తర్వాత మన దేశానికి మళ్లీ వచ్చిన స్వర్ణం అదే. గర్భంతో ఉన్నప్పుడు మాత్రం పడే ప్రమాదం వల్ల స్వారీ ఆపమనే డాక్టర్లు చెబుతారు. ఆ నెలల్లో శాలకి వెళ్లి గుర్రాన్ని చూసి రావడానికి కూడా డాక్టర్‌ని ఒక మాట అడగడం మంచిది.

భయం ఎవరిది?

చాలా ఇళ్లల్లో 'నీకెందుకీ రిస్క్' అనే మాట వెనక ఉండేది ప్రేమే. కానీ ప్రతి ఆదివారం అదే మాట వింటే రైడర్ చేసేది ఒకటే.. చెప్పడం మానేస్తారు. పడ్డా చెప్పరు, తల తిరిగినా చెప్పరు. అప్పుడు మొదలవుతుంది నిజమైన రిస్క్.

భయం ఉంటే అది తన భయం అని చెప్పడం నయం. 'నువ్వు దూకే రోజు నాకు చూడాలంటే గుండె దడ, ఆ రోజు నేను కారులో కూర్చుంటా, అయ్యాక ఫోన్ చెయ్' అనొచ్చు. హెల్మెట్, షూస్, టీటీ, ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎక్కకపోవడం.. ఈ నాలుగింటి మీద ఇద్దరూ ముందే మాట అనుకుంటే మిగతాది రైడర్ ఇష్టం. ఏ స్పీడ్‌లో వెళ్లాలి, జంప్ నేర్చుకోవాలా వద్దా అన్నది ఇన్‌స్ట్రక్టర్, రైడర్ తేల్చుకోవాలి.

కొన్నాళ్లకి పార్ట్‌నర్‌కీ ఒకసారి ఎక్కి చూద్దామా అనిపించొచ్చు. బరువు లెక్క చూసుకోవాలి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది చాలాచోట్ల పాటించే లెక్క. అంటే 400 కిలోల గుర్రానికి 80 కిలోలు. సాయిస్ తాడు పట్టుకుని నడిపిస్తుంటే పది నిమిషాలు కూర్చున్నా చాలు, వీడియోలో చూసినంత ఈజీ కాదని తెలిసిపోతుంది.

ఇక ఏదో ఒక రోజు రైడర్ నోట 'మనం సొంతంగా ఒక గుర్రం కొందామా' అనే మాట వస్తుంది. దాదాపు అందరి దగ్గరా వస్తుంది. అప్పుడు అవుననీ కాదనీ వెంటనే చెప్పకుండా కాగితం తీయడం మంచిది. గుర్రం 25, 30 ఏళ్లు బతుకుతుంది. రోజూ మేత, దాణా, సాయిస్ జీతం, శాల అద్దె, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టల పని, ఏటా టీకాలు, పళ్లు అరగదీయించడం, హఠాత్తుగా వచ్చే కోలిక్‌కి వెట్ బిల్లు. ఎక్కినా ఎక్కకపోయినా ఈ ఖర్చు ఆగదు. కొనేకన్నా ముందు ఏడాది పాటు శాలలో ఒకే గుర్రాన్ని వారానికి కొన్ని రోజులు అద్దెకి తీసుకునే పద్ధతి ఉందేమో అడగాలి. కొనాల్సిందే అనుకుంటే, అమ్మేవాళ్లకి సంబంధం లేని పశువైద్యుడితో కాళ్లు, కళ్లు, గుండె, ఊపిరి పరీక్ష చేయించాలి, గ్లాండర్స్ రిపోర్ట్ చేతికి వచ్చాకే డబ్బు కట్టాలి.